తెర అవతల ఉన్న పొరుగువారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలా వరకు సెల్‌ఫోను చుట్టూ, వాట్సాప్ గ్రూపుల చుట్టూ తిరిగాయి. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము. రాసినవారిని ఇతరులు గుర్తుపట్టగల వివరాలను తొలగించి, పొడవైన ఉత్తరాలను కుదించి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: అయ్యగారికి వందనములు. మా అమ్మాయి కొంతకాలం క్రితం మానసిక వైద్యుని దగ్గర చికిత్స తీసుకుంది. ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది, ఉద్యోగం చేసుకుంటోంది. ఆ రోజుల్లో మా సంఘంలోని ఒక పెద్దావిడకు మాత్రమే సంగతి చెప్పి ప్రార్థన చేయమని అడిగాను. ఆమె అమ్మాయి పేరు, జబ్బు, ఆసుపత్రి పేరుతో సహా సంఘపు ప్రార్థన గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి అది వేరే గ్రూపులకు పాకి, చివరికి మా బంధువులకు చేరింది. ఈ మధ్య కుదిరిందనుకున్న సంబంధం ఆ కారణంగానే వెనక్కి పోయింది. ఆమెను అడిగితే, "ప్రార్థన కోసమే కదమ్మా పెట్టాను" అన్నారు. నేను బాధపడటం తప్పా?
— ఒక సహోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సహోదరీ, మీరు బాధపడటంలో తప్పు లేదు. తప్పు మీ పట్ల జరిగింది, మీకంటే ఎక్కువగా మీ అమ్మాయి పట్ల జరిగింది. ఆ పెద్దావిడ మనసులో చెడు ఉద్దేశం లేదనే నేనూ అనుకుంటున్నాను. అయినా ఉద్దేశం మంచిదైనంత మాత్రాన, ఒకరి గుట్టును వారిని అడగకుండా వందలమంది ముందు పెట్టడం మంచి పని అయిపోదు. "కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును, నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును" అని సామెతలు 11:13 చెబుతోంది. ఆ వచనంలో, బయటపెట్టిన సంగతి అబద్ధమని ఎక్కడా లేదు. నిజమైన సంగతినే దాచవలసిన చోట దాచడాన్ని అది నమ్మకత్వం అంటోంది. అబద్ధమాడకూడదని మన సంఘాలలో గట్టిగానే బోధిస్తాము గాని, నిజాన్ని ఎక్కడ ఆపాలో అంత గట్టిగా బోధించము.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తె సంగతిని మరోసారి చదవండి. ఆ ఇంట్లో అప్పటికే జనం గుమికూడి ఏడుస్తున్నారు. యేసు ప్రభువు వారందరినీ బయటికి పంపివేసి, తల్లిదండ్రులను, తనతో వచ్చిన పేతురు, యాకోబు, యోహానులను మాత్రమే వెంటబెట్టుకుని ఆ పిల్ల ఉన్న గదిలోకి వెళ్లాడు. ఆ పన్నెండేళ్ల చిన్నది లేచి నడిచిన తరువాత కూడా, ఈ సంగతి ఎవరికీ తెలియనియ్యవద్దని గట్టిగా ఆజ్ఞాపించి, ఆమెకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. ఇంతటి అద్భుతాన్ని ఊరంతా చాటవలసింది కదా అని మనకు అనిపిస్తుంది. ప్రభువు మాత్రం ఆ పిల్ల మంచం చుట్టూ ఎవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు అన్నది ముందు చూశాడు. మన ప్రార్థన గ్రూపులలో కరువైనది సరిగ్గా ఆ చూపే.

ప్రార్థనకు వివరాలు కావాలని కొందరు వాదిస్తారు. మనము అడగక మునుపే మనకు ఏమి అక్కరో తండ్రికి తెలుసునని మత్తయి 6:8లో ప్రభువే చెప్పాడు. కాబట్టి ఆసుపత్రి పేరు, జబ్బు పేరు దేవునికి తెలియజేయవలసిన పని లేదు. "మన సంఘంలో ఒక కుటుంబం కష్టంలో ఉంది, వారి కోసం ప్రార్థించండి" అన్న ఒక్క వాక్యం చాలు.

వాట్సాప్ సందేశాలకు ఎన్‌క్రిప్షన్ ఉంది, ఎవరూ చూడరు అని ధీమా చెప్పేవారు ఉన్నారు. ఎన్‌క్రిప్షన్ చేసే పని, సందేశం దారి మధ్యలో మూడోవాడి కంట పడకుండా కాపాడటం వరకే. చేరిన చోట దానిని చదివిన మనిషి ఏమి చేస్తాడన్నది దాని పరిధిలో లేదు. ఒక గ్రూపులో ఇప్పుడు 1024 మంది వరకు ఉండవచ్చు. పెట్టినవారు రెండున్నర రోజుల లోపు దానిని అందరి ఫోన్లలోంచి తొలగించగలరు గాని, ఆలోగా ఎవరైనా వేరే చోటికి పంపిన ప్రతులను, తీసుకున్న స్క్రీన్‌షాట్లను వెనక్కి తీసుకోలేరు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, రోగి సంగతులను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యులపై ఉంది. అదే సంవత్సరం ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వైద్యుడు పాటించే గోప్యతను సంఘం పాటించకపోతే, కష్టంలో ఉన్నవారు ఇకమీదట మన దగ్గర నోరు విప్పరు.

ఇక మీరు చేయదగినది చెబుతాను. మత్తయి 18:15 ప్రకారం ఆ పెద్దావిడతో ఒంటరిగా, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఫోనులో సందేశం పెట్టవద్దు, గ్రూపులో అసలే వద్దు. "ప్రార్థన కోసమే" అన్న మాటను కాదనకుండానే, దాని వలన ఫలానా నష్టం జరిగిందని మీ అమ్మాయి పక్షాన చెప్పండి. ఆమె ఒప్పుకుంటే, తాను పంపినవారికి తానే చెప్పి తీసివేయించమనండి. తరువాత కాపరిని, సంఘపెద్దలను కలిసి, సంబంధిత వ్యక్తి అనుమతి లేనిదే పేరుతో ప్రార్థన అంశం పెట్టకూడదన్న నియమం చేయమని అడగండి. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పెట్టేలా అమర్చుకోవచ్చు. సభ్యులు పెట్టిన సందేశాన్ని అడ్మిన్ తొలగించనూవచ్చు. సంబంధం విషయమై ఒక్క మాట. చికిత్స తీసుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. వివాహానికి ముందు ఆ సంగతి చెప్పడం కూడా మంచిదే. కాని ఎప్పుడు, ఎవరికి, ఎలా చెప్పాలో నిర్ణయించుకోవలసినది మీ అమ్మాయి. ఆమె చేతిలో ఉండవలసిన ఆ నిర్ణయం ఆమెకు లేకుండా పోయింది. సంఘం ఆమెను క్షమాపణ అడగాలని నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: మా యువజనుల గ్రూపులో, "అఫ్గానిస్తాన్‌లో 22 మంది మిషనరీ కుటుంబాలను రేపు మధ్యాహ్నం చంపబోతున్నారు, వెంటనే అందరికీ పంపండి" అన్న సందేశం వచ్చింది. అది పాత పుకారు అని నేను చెబితే, "అబద్ధమైతే మాత్రం ప్రార్థన వృథా పోతుందా, నీకు విశ్వాసం తగ్గింది" అన్నారు. ఏమని జవాబు చెప్పాలి?
— ఒక సహోదరుడు, వరంగల్

జవాబు: మీరు చెప్పినదే నిజం. ఈ సందేశం 2009 నుంచి తిరుగుతోంది. అందులోని "రేపు" ఇన్నేళ్లయినా రేపుగానే ఉంది. దీనికి ముందు 2007లో నిజంగానే ఒక దారుణం జరిగింది. అఫ్గానిస్తాన్‌కు సేవా యాత్ర మీద వెళ్లిన 23 మంది దక్షిణ కొరియా క్రైస్తవులను తాలిబాన్ బంధించి, వారిలో ఇద్దరిని చంపివేసింది. మిగిలినవారు ఆగస్టు నెలాఖరుకల్లా విడుదలయ్యారు. నిజంగా చనిపోయిన ఆ ఇద్దరి పేర్లు మన గ్రూపులలో ఎవరికీ తెలియవు. ఎప్పుడూ లేని ఆ 22 కుటుంబాల కోసం మాత్రం కన్నీళ్లు కారుస్తున్నారు.

ప్రార్థన వృథా పోతుందా అన్న ప్రశ్నను దేవునికి వదిలేద్దాము. సందేశాన్ని ముందుకు పంపడం ప్రార్థన కాదు, అది సాక్ష్యం పలకడం. "ఇది జరిగింది, ఫలానావారు చేశారు" అని మీ పేరు మీద మరొకరికి చెబుతున్నారు. "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ ఇక్కడ నేరుగా వర్తిస్తుంది, ఎందుకంటే ఇటువంటి సందేశాలలో హంతకులుగా కనిపించేవారు ఎక్కడో ఉన్నవారు మాత్రమే కారు. అది చదివిన యువకుడు తన వీధిలోని ముస్లిం దుకాణదారుని మరుసటి రోజు ఏ కళ్లతో చూస్తాడో ఆలోచించండి. మన మీద ఎవరైనా ఇలాంటి కట్టుకథ ప్రచారం చేస్తే మనము తట్టుకోలేము. ఒకరి మీద మనము పంపితే మాత్రం దానికి విశ్వాసమని పేరు పెడుతున్నాము.

పుకారు ప్రాణాలు తీస్తుందన్నది మన ప్రాంతంలో అనుభవమైన సంగతి. 2018 జులైలో హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీరు స్నేహితులతో కలిసి బీదర్ జిల్లాకు వెళ్లాడు. వారిలో ఒకరు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా అన్న మాట వాట్సాప్‌లో వారి కారు కంటే వేగంగా పోయింది. ముందున్న ఊరిలో జనం దారి కాచి కొట్టారు, ఆ యువకుడు చనిపోయాడు. ఆ రోజు సందేశం పంపినవారిలో చాలామంది, పిల్లలను కాపాడుతున్నామనే అనుకుని ఉంటారు. ఇటువంటి మరణాల తరువాతనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, ఎన్నో చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా దానిని ఇంకా బిగించింది. "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అన్న గుర్తు కనబడితే, పంపినవారికి కూడా దాని పుట్టుక తెలియదని అర్థం చేసుకోండి.

మరొక నష్టం మన సొంత సహోదరులకే జరుగుతోంది. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్లు, ప్రార్థనా స్థలాలు నిజంగా తగులబడ్డాయి, వేలమంది అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయారు. ఎక్కడో వేరే దేశంలో తీసిన పాత వీడియోకు మన రాష్ట్రం పేరు తగిలించి పంపే ప్రతిసారీ, నిజంగా దెబ్బలు తిన్నవారి మాటను నమ్మేవారు తగ్గిపోతారు. వారి ఏకైక ఆధారమైన నిజాన్ని మనమే చులకన చేస్తున్నాము. ఏదెను తోటలో సర్పము వాడిన పద్ధతిలోనే తప్పుడు వార్తలు పనిచేస్తాయని పోప్ ఫ్రాన్సిస్ 2018 నాటి సమాచార దినోత్సవ సందేశంలో అన్నారు. సర్పము దేవుడు చెప్పిన మాటనే తీసుకుని, కొంచెం వంచి అడిగింది. మన గ్రూపులలోని అబద్ధాలు కూడా సగం నిజాన్ని పట్టుకునే నిలబడుతున్నాయి.

మీ స్నేహితులకు కోపంతో జవాబివ్వకండి. సందేశంలో తేదీ, ఊరు, చెప్పినవారు ఎవరన్నది ఉన్నాయో లేదో అందరి ముందు చూపించండి. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వెదికి అది మొదట ఎప్పుడు కనబడిందో చూపించండి. పంపివేసినవారు అది అబద్ధమని తెలిసిన తరువాత, అదే గ్రూపులో, అదే అందరి ముందు, "నేను పంపినది నిజం కాదు" అని రాయాలి. నిశ్శబ్దంగా తొలగించి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే చదివినవారి మనసులో అది అలాగే ఉంటుంది.

ప్రశ్న: నేను ఒక క్రైస్తవ బాలల గృహంలో ఫేస్‌బుక్, యూట్యూబ్ పేజీలు చూసుకుంటాను. దాతల పుట్టినరోజులకు భోజనం పెట్టినప్పుడు పిల్లలు కంచాల ముందు కూర్చుని, దాత పేరు రాసిన అట్ట పట్టుకుని థ్యాంక్యూ చెప్పే వీడియో పెడుతుంటాము. ఇది సరికాదని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఫొటోలు లేకపోతే దాతలు ఎలా నమ్ముతారు?
— ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: మీ స్నేహితుడు మీకు మేలు చేశాడు. ముందు చట్టం సంగతి చెబుతాను. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో వంటివి వారిని గుర్తుపట్టే విధంగా ఏ మాధ్యమంలోనూ వెల్లడించకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే ఆ వీడియోలను తీసివేయండి.

చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. అన్నం ముందు పెట్టి, ఆకలితో ఉన్న పిల్లవాడిని అట్ట పట్టుకుని నవ్వమని, కెమెరా సరిగ్గా పడే వరకు ముద్ద ఎత్తవద్దని చెప్పడం ప్రేమ చేసే పని కాదు. మీరు ఆ వీడియోలు తీసేటప్పుడు పిల్లల ముఖాలను దగ్గరి నుంచి చూసే ఉంటారు. పదేళ్ల పిల్లలకైతే ఇంకా సిగ్గు తెలియదు, పదమూడు పద్నాలుగేళ్ల ఆడపిల్లలు అట్టను ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. అలాంటి ఒక అమ్మాయి రేపు కాలేజీకి, ఆ తరువాత ఉద్యోగానికి వెళుతుంది. అక్కడ ఎవరో ఆమె చిన్ననాటి వీడియోను వెదికి తీసి, "నువ్వు ఫలానా ఆశ్రమంలో పెరిగావా" అని అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలా వద్దా అని ఎంచుకునే అవకాశం ఆమెకు మిగలదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు దాతలతోనే చెప్పాడు. అది పుచ్చుకునేవారి పరువును కూడా కాపాడే మాట.

దాతలకు నమ్మకం కలిగించడం అవసరమే, దానిని తేలికగా తీసుకోవద్దు. పౌలు యెరూషలేములోని పేదల కోసం చందా పోగుచేసినప్పుడు, ఆ సొమ్ము విషయమై తమమీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడ్డామని 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో రాశాడు. అందుకు అతడు చేసిన ఏర్పాటు, సంఘాలు ఎన్నుకున్న నమ్మకస్తులను సొమ్ముతో పాటు పంపడం. పేదల దీనస్థితిని అతడు ఊరూరా ప్రదర్శించలేదు. మీరు కూడా ఆడిట్ చేయించిన లెక్కలు, బియ్యం, కూరగాయల బిల్లులు, వంటగది, భవనం ఫొటోలు చూపండి. దాతలు ఒకసారి వచ్చి చూడదలిస్తే అనుమతి తీసుకుని రమ్మనండి. ఇవన్నీ చూసి కూడా పిల్లల ముఖం కనబడితేనే డబ్బు పంపుతాననే దాత ఉంటే, అతనికి కాపరి ఓపికగా నచ్చజెప్పాలి. అప్పటికీ వినకపోతే ఆ డబ్బు లేకుండానే నడుపుకోవాలి. ఇది మాటల్లో సులభం, నెలాఖరులో కష్టం అని నాకు తెలుసు.

ప్రశ్న: నేను కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. శుక్రవారం కూడా సెలవు దొరకదు. రాత్రి పని అయ్యాక మా ఊరి సంఘ ఆరాధనను యూట్యూబ్‌లో చూసి ప్రార్థించుకుంటాను. ఇది ఆరాధన కాదని ఇక్కడ ఒకరు అన్నారు.
— ఒక సహోదరి, కడప జిల్లా

జవాబు: అమ్మా, మీ ఆరాధనను దేవుడు అంగీకరిస్తాడు, ఎవరి మాటకూ కలవరపడకండి. సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీయులకు 10:25లో రాయబడిన మాట, రాగలిగీ మానేసినవారికి. సందు చివర మందిరం ఉండి, ఒళ్లు బాగుండి, మంచం మీద నుంచి లైవ్ చూసేవారు ఆ వచనాన్ని తమకు చదువుకోవాలి. యోహాను తన రెండవ పత్రికలో, మీకు రాయవలసినవి చాలా ఉన్నా సిరాతోను కాగితంతోను రాయ మనస్సులేక, మీ దగ్గరకు వచ్చి ముఖాముఖిగా మాట్లాడాలని ఎదురుచూస్తున్నానన్నాడు. అయినా రాయడం మానలేదు, ఆ చిన్న పత్రిక మన చేతిలో ఉంది. ప్రభు భోజనం విషయంలో సంఘాల మధ్య భేదం ఉంది. ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని కతోలిక సంఘం 2002లోనే స్పష్టం చేసింది, చాలా ప్రొటెస్టెంటు సంఘాలు కూడా బల్ల దగ్గర కూడుకోవడాన్నే కోరుతాయి. మీరు సెలవు మీద వచ్చినప్పుడు సంఘంతో కలిసి పుచ్చుకోండి. మీ ఊరి కాపరికి నేను చెప్పదలచినది ఒకటి ఉంది: లైవ్ ఆపిన తరువాత, దూరాన ఉన్న ఇటువంటి ఒక్కొక్కరికి ఎవరో ఒకరు ఫోను చేసి పేరు పెట్టి పలకరించాలి.

ప్రశ్న: మా సంఘ పత్రికను దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌తో కంపోజ్ చేస్తున్నాము. దేవుని పనికే కదా?
— ఒక సంఘ కార్యదర్శి

జవాబు: ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారు కూడా జీతం మీద బతికే పనివారే, పనివాడు జీతమునకు పాత్రుడని చెప్పిన గ్రంథాన్నే మీ పత్రిక ప్రచారం చేస్తోంది. కొనగలిగితే కొనండి. కొనలేకపోతే పేజీల అమరికకు స్క్రైబస్, మామూలు రాతకు లిబ్రేఆఫీస్ ఉచితంగా, న్యాయబద్ధంగా దొరుకుతాయి. మండలి, రామభద్ర, సూరన్న వంటి అందమైన యూనికోడ్ తెలుగు ఫాంట్లు కూడా ఉచితమే. నేర్చుకునే వరకు ఒకటి రెండు సంచికలు ఆలస్యమైనా పాఠకులు అర్థం చేసుకుంటారు.

ప్రశ్న: వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం వాక్యం చెప్పే కాపరిని. ప్రసంగం తయారీకి చాట్‌జీపీటీ (అడిగినదానికి జవాబు రాసిచ్చే కృత్రిమ మేధ) వాడుతున్నాను. తప్పా?
— ఒక యువ కాపరి, నల్గొండ జిల్లా

జవాబు: వాడటమే పాపమని నేను అనను. ఒక చారిత్రక నేపథ్యం తెలుసుకోవడానికి, రాసినదానిలో తప్పులు దిద్దుకోవడానికి వాడుకోవచ్చు. అయితే అది లేని వచనాన్ని ఉన్నట్టు, లేని పుస్తకాన్ని చదివినట్టు ఎంతో నిబ్బరంగా చెప్పగలదు. తెలుగు బైబిలు మాటలను తనకు తోచినట్టు మార్చి కొటేషన్ గుర్తులలో పెడుతుంది కూడా. అందువల్ల ప్రతి వచనాన్ని ముద్రిత బైబిలులో చూసుకోనిదే పుల్పిట్ మీదికి తీసుకురావద్దు. కృత్రిమ మేధపై 2019 ఏప్రిల్‌లో అమెరికా ఇవాంజెలికల్ నాయకులు ఒక ప్రకటన చేశారు. మనిషి తన నైతిక బాధ్యతను ఏ యంత్రానికీ అప్పగించలేడు, అప్పగించకూడదు అని అందులో ఉంది. 2025 జనవరిలో వాటికన్ ప్రచురించిన ఆంటిక్వా ఎట్ నోవా అన్న పత్రం కూడా, యంత్రపు తెలివి మనిషి తెలివితో సమానమైనది కాదని విస్తారంగా వివరించింది. ఆదివారం మీరు చెప్పిన మాటకు లెక్క అప్పజెప్పవలసినది మీరు.

నాకు ఎక్కువ భయం కలిగించేది ప్రసంగం కాదు. కౌన్సెలింగ్ కోసం మీ దగ్గరకు వచ్చిన భార్యాభర్తల గొడవను, ఒక యువకుడు ఏడుస్తూ ఒప్పుకున్న పాపాన్ని, సలహా కోసం పేర్లతో సహా అందులో టైపు చేసే కాపరులు ఉన్నారు. అలా రాసినది ఎవరో ఒక సంస్థ కంప్యూటర్లలో నిలువ ఉంటుంది, దానిని ఎలా వాడతారన్నది మీ చేతిలో లేదు. మీతో చెప్పుకున్నవారు మీతోనే చెప్పుకున్నారు. అటువంటి సందర్భంలో సలహా అవసరమైతే, అనుభవం ఉన్న ఒక పెద్ద కాపరి దగ్గరకు వెళ్లి, పేర్లు చెప్పకుండా అడగండి. ప్రసంగానికి సమయం చాలకపోతే, ఆదివారం నలభై నిమిషాలకు బదులు పదిహేను నిమిషాలు మాట్లాడండి. మీరు వారమంతా ఉద్యోగం చేస్తున్నారని మీ సంఘానికి తెలుసు.